సెంటున్నరలో ఇల్లు: బేస్‌మెంట్ లేవకముందే అయిపోయే డబ్బు గురించి నా అనుభవం

"ఇంటికి ఎంతవుతుందండి?" అని భీమవరం చుట్టుపక్కల ఏ తాపీమేస్త్రిని అడిగినా ముందు ఆయనే ఎదురు ప్రశ్న వేస్తాడు. "పునాది ఎంత లోతు పోవాలండి?" పశ్చిమ డెల్టాలో ఒక లేఅవుట్లో సెంటున్నర స్థలంలో 340 చదరపు అడుగుల ఇల్లు పట్టా కాగితం నుంచి ఆఖరి బిల్లు దాకా దగ్గరుండి కట్టించాక ఖాతా పుస్తకం తిరగేస్తే, ఆ ప్రశ్నకు అర్థం తెలిసింది. ప్రభుత్వ సాయానికీ అసలు ఖర్చుకీ మధ్య తేడా ఎక్కువగా పుట్టేది నేల లోపల, నేల మీద మొదటి మూడడుగుల్లో. బిల్లు, అంటే ప్రభుత్వం దశలవారీగా వేసే ఆ సాయం డబ్బు మాత్రం పని అయ్యాక వస్తుంది. ముందు రాదు. కాబట్టి సొంత డబ్బో అప్పో ముందుగా పడేది కంటికి కనపడని పని మీదే.

ముందు స్థలం లెక్క. సెంటు అంటే 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు. సెంటున్నర 72.6 గజాలు, సుమారు 653 అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న పేదల ఇళ్ల పట్టాలు మొదలైనప్పుడు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు ఇచ్చారు. ఇంటికి 1.80 లక్షలు. అందులో లక్షన్నర ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం నుంచి వచ్చిన కేంద్రం వాటా. దాంతోపాటు ఉచితంగా 20 టన్నుల ఇసుక. కట్టడం మధ్యలో ఆగిపోయిన వాళ్లకు 2025లో రాష్ట్రం అదనపు సాయం ప్రకటించింది: ఎస్సీ, బీసీలకు 50,000, ఎస్టీలకు 75,000. 2024లో మొదలైన పట్టణ ఆవాస్ రెండో విడతలో సొంత స్థలంలో కట్టుకునే వాళ్లకు 2.50 లక్షలు. గ్రామీణ విభాగంలో మైదాన ప్రాంతానికి 1.20 లక్షలు, పైన ఉపాధి హామీ కింద 90 పనిదినాల కూలి. మీ ఊరు ఏ విభాగంలోకి వస్తుందో సచివాలయంలో ముందే అడిగి తెలుసుకోండి. పక్క ఊళ్లో వాళ్లకు వచ్చిన మొత్తం చూసి అప్పు తేవద్దు.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, ఏడాది ఆదాయం 3 లక్షలు దాటకూడదు. డబ్బు ఆధార్‌తో చివరగా జోడించిన బ్యాంకు ఖాతాలోకి పోతుంది, మీరు కాగితం మీద రాసిచ్చిన ఖాతాలోకి కాదు. ఎప్పుడో ఉపాధి పనికి తెరిచి మర్చిపోయిన ఖాతాలో బిల్లు పడి, అది ఎక్కడ పడిందో వెతుక్కోవడానికే వారాలు పట్టిన వాళ్లున్నారు. పని మొదలుపెట్టకముందే బ్యాంకుకు వెళ్లి ఏ ఖాతాకు జోడింపు ఉందో చూసుకోవాలి. బిల్లు కోసం ఒక్కో దశలో ఇంటి ఫోటో తీసేటప్పుడు స్థలం అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి కనక, హద్దు రాళ్లు సర్వేయరు చేత పెట్టించాకే ముగ్గు పోయండి. పక్క ప్లాటులోకి రెండడుగులు జరిగి కడితే అది పక్కవాళ్లతో తగవుగానే మొదలై బిల్లు దాకా వస్తుంది.

ఇక అసలు సంగతి, నేల. డెల్టాలో ఊరికి దగ్గరగా మెరక స్థలం దొరకదు. దొరికినా చేపల చెరువుల డబ్బు దాని ధరను ఎప్పుడో ఆకాశానికెత్తింది. లేఅవుట్లకు దొరికేది పల్లం, నిన్నటి దాకా సార్వా, దాళ్వా పండిన చేలు. ఒకపక్క పంటకాలువ, ఇంకోపక్క మురుగు కాలువ, అవతల చేపల చెరువు గట్టు. చెరువులో నీళ్లున్నంత కాలం గట్టు అడుగున ఊట వస్తూనే ఉంటుంది. లేఅవుట్‌కు రోడ్డు వేసేటప్పుడు ఎత్తు పెంచుతారు. స్థలం ఎత్తు అలాగే ఉంటుంది. అప్పటిదాకా బాగానే కనపడిన ప్లాటు రోడ్డు లేచాక గుంట అవుతుంది.

అందుకే మట్టం తీసేటప్పుడు ఇప్పుడున్న గ్రావెల్ రోడ్డును కొలతగా పట్టుకోకండి. రేపు దాని మీద సిమెంటు రోడ్డు పడుతుంది. ఇప్పటి రోడ్డు నడిబొడ్డు కన్నా బేస్‌మెంట్ పైభాగం కనీసం రెండున్నర అడుగులు ఎత్తు ఉండేలా వాటర్ లెవెల్ పైపుతో గుర్తు పెట్టించాలి. పైపులో గాలి బుడగ ఉంటే అంగుళం, రెండంగుళాలు తప్పు చూపిస్తుంది. రెండు కొసలూ పక్కపక్కన పెట్టి నీళ్లు సమంగా నిలిచాయో లేదో చూసుకున్నాకే గుర్తు గీయాలి.

తవ్వకానికి కాలం చూసుకోవాలి. దాళ్వా కోతలయ్యి, కాలువలు కట్టేశాక నేలలో నీటి మట్టం దిగుతుంది. ఏప్రిల్ రెండో సగం నుంచి మే ఆఖరు దాకా తవ్విన గుంత ఒకరోజు నిలబడుతుంది. కాలువలు వదిలాక అదే గుంత పొద్దున తవ్వితే సాయంత్రానికి బురద. మోటారు పెట్టి తోడుతూ పునాది వేస్తే డీజిలు, అదనపు కూలి కలిసి లెక్క తలకిందులవుతుంది. మూఢం, శూన్యమాసం అని ఆగి ఆగి శ్రావణంలో శంకుస్థాపన చేసేవాళ్లు ఈ ఖర్చు నెత్తిన వేసుకుంటున్నట్టే. ముహూర్తానికి ఈశాన్యంలో ఒక గుంత తీసి పూజ చేసుకోండి, మిగతా పని ఎండల్లో కానీయండి. పురోహితులు కూడా దీనికి అడ్డు చెప్పరు.

మట్టి ఏమిటో చూడకుండా పునాది రకం తేల్చకూడదు. చేతి ఆగరుతో (మట్టిలోకి తిప్పుతూ దింపే బర్మా) స్థలంలో రెండుచోట్ల 12 అడుగుల లోతు దాకా దింపి, అడుగడుక్కీ తీసిన మట్టిని గోనె మీద వరసగా పేర్చి చూడాలి. ఇందుకు పట్టేది సగం రోజు. గోదావరి పాయలకు దగ్గరగా, కోనసీమ లంక భూముల్లో నాలుగైదు అడుగులకే ఇసుక తగులుతుంది. అక్కడ పైలింగు, అంటే నేలలోకి లోతుగా కాంక్రీటు స్తంభాలు దింపడం, అక్కర్లేదు, వెడల్పు పునాదో ఫుటింగులో సరిపోతాయి. భీమవరం, ఉండి వైపు దిగితే నల్ల బంకమట్టి చాలా లోతు ఉంటుంది. ఇది ఎండాకాలం పగుళ్లిచ్చి కుంచించుకుపోతుంది, వానాకాలం ఉబ్బుతుంది. మూడడుగుల లోతు పునాది ఆ కదలిక మధ్యలోనే కూర్చుంటుంది. ఏడాది తిరగకుండానే కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా పగులు పాకిందంటే కారణం అదే. మేస్త్రిని తిట్టి లాభం లేదు.

దీనికి మందు అండర్‌రీమ్ పైలు, అంటే అడుగున బల్బు ఉన్న పైలు. లోతైన నల్లరేగడిలో కనీసం మూడున్నర మీటర్లు, అంటే పదకొండున్నర అడుగులు దింపాలి. పది అంగుళాల బోరు, అడుగున దానికి రెండున్నర రెట్ల వెడల్పుతో బల్బు. మా లెక్కలో 12 పైళ్లు. ఒక్కోదానికి 10 ఎం.ఎం. ఊచలు 4, రింగులు. రింగులతో కలిపి పైలుకు పన్నెండు కిలోల పైన, మొత్తం 150 కిలోలు. కాంక్రీటు పైలుకు ఏడున్నర ఘనపుటడుగుల చొప్పున, 12 పైళ్లకూ కలిపి సిమెంటు 21 బస్తాలు.

చెడిపోయేది కాంక్రీటు పోసేటప్పుడు. బోరులో నీళ్లుంటే పైనుంచి గమేళాతో కుమ్మరించకూడదు. కంకర అడుగుకు పోతుంది, సిమెంటు నీళ్లలో తేలిపోతుంది. అడుగు దాకా దిగే ట్రెమీ గొట్టం పెట్టి, గొట్టం మూతి ఎప్పుడూ కాంక్రీటులో మునిగి ఉండేలా కొంచెం కొంచెం పైకి లాగుతూ పోయాలి. బోరు గోడ జారే మట్టయితే బెంటొనైట్ అనే మెత్తటి బంకమట్టి కలిపిన నీళ్లు నిలపాలి. ఇక మనం స్వయంగా చేయగల పరీక్ష ఒకటుంది. ఒక్కో పైలుకు ఎన్ని గమేళాలు పట్టాయో సుద్దతో గీతలు గీసి పెట్టుకోండి. అన్నింటికీ దాదాపు ఒకే లెక్క రావాలి. ఒకదానికి బాగా తక్కువ పట్టిందంటే మధ్యలో మట్టి జారి పైలు నడుము సన్నబడిందని అర్థం, లేదా బల్బు అసలు తవ్వనే లేదు. మాకు ఒక పైలుకు అలాగే తక్కువ పట్టింది. మొత్తం పనికి ఒకేసారి ధర మాట్లాడుకున్న పైలింగువాళ్లు "ఏం పర్లేదండి" అన్నారు. దాని పక్కనే ఇంకొకటి వేయించాల్సి వచ్చింది. అందుకే ధర పైలు లెక్కన మాట్లాడుకోవాలి, బల్బు తవ్వే పనిముట్టు బోరులో తెరుచుకుందో లేదో పైనుంచి చూడాలి.

ఎప్పుడూ ఆరని మెత్తటి బురద నేలల్లో కొందరు సరుగుడు బాదులు దింపిస్తారు. బాది మొత్తం ఏడాది పొడుగునా నీటి మట్టం కిందే ఉంటే కుళ్లదు. ఎండాకాలంలో తల బయటపడితే పుచ్చిపోతుంది. నీటి మట్టం నాలుగడుగులు ఎగిరి దిగే చోట దాని జోలికి పోవద్దు.

పైళ్ల తలల మీద ప్లింత్ బీము, అంటే గోడలను మోసే కాంక్రీటు దూలం. నల్లమట్టి మీద బీము అడుగు నేలకు ఆనకూడదు. మూడంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే మట్టి ఉబ్బి బీమునే పైకి ఎత్తుతుంది, అప్పుడు పైళ్లు వేసి ప్రయోజనం ఏముంది? చుట్టూ బయటి గోడ 74 అడుగులు, లోపలి గోడలు 30, మొత్తం 104 అడుగుల బీము, 9 అంగుళాలకు 12. దానికి సిమెంటు 18 బస్తాలు, ఊచలు సుమారు 150 కిలోలు. దాని మీద బేస్‌మెంట్ గోడకు ఇంకో ఆరు బస్తాలు. కూడండి: ఇంటికి మొత్తం 140 బస్తాల సిమెంటు అనుకుంటే 45 బస్తాలు, అంటే మూడో వంతు, నేల మీద గది కనపడకముందే అయిపోయాయి. ఇనుములో దాదాపు సగం.

నింపడం సంగతి చెబితే నవ్వొస్తుంది. ఇంటి లోపలి జాగా 290 అడుగులు, మూడడుగుల ఎత్తు, 870 ఘనపుటడుగులు. తడిపి దిమ్మిస కొడితే మట్టి అణుగుతుంది కనక పావు వంతు కలపాలి, దాదాపు 1090, అంటే వంద ఘనపుటడుగుల యూనిట్ల లెక్కన 11 యూనిట్లు. ఉచితంగా వచ్చిన 20 టన్నుల ఇసుక సుమారు నాలుగున్నర యూనిట్లే. లేఅవుట్లో చాలామంది మొదటి వారంలోనే ఆ ఇసుకంతా బేస్‌మెంట్లో పోసేశారు. అదీ సగం నిండలేదు, గోడలకొచ్చేసరికి ఇసుక కొనాల్సి వచ్చింది, అదీ వరద రోజుల్లో, నదిలో ఇసుక తీసే ర్యాంపులు మూతపడ్డాక. 2024 జూలై 8 నుంచి ఉచిత ఇసుక విధానం వచ్చినా లోడింగు, రవాణా ఖర్చులు మనవే. వరద వస్తే నదిలోకి ఎవరూ దిగరు. జూన్‌లోపు మీ ఇసుక మీ స్థలంలో, తాటాకో టార్పాలినో కప్పి, ఉండాల్సిందే.

నింపడానికి మెట్ట ప్రాంతం నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ వాడండి. ద్వారకాతిరుమల, నల్లజర్ల వైపు నుంచి లారీలు వస్తాయి. పక్క చేను నల్లమట్టి చవగ్గా వస్తుందని పోస్తే రెండో వానాకాలానికి టైల్స్ మధ్యలో పొంగుతాయి. ఆరంగుళాల పొర, తడి, దిమ్మిస, మళ్లీ పొర. పైన ఆఖరి ఆరంగుళాలు మాత్రం ఇసుక. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు, కానీ ట్రాక్టరు ట్రక్కు తొట్టి టేపు పెట్టి కొలిస్తే 10 బై 6 బై ఒకటిన్నర, 90 వచ్చింది. పది ట్రక్కులకు ఒక ట్రక్కు గాలిలో పోయిందన్నమాట. ముందు తొట్టి కొలవండి, తర్వాత ధర మాట్లాడండి.

నీటి గురించి ఎవరూ ముందు ఆలోచించరు. తీరం వైపు బోరు నీళ్లు ఉప్పన. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది, ఇనుము లేని కాంక్రీటుకు 2000 దాకా పర్వాలేదు. సీసాలో పట్టి పరీక్షకు ఇస్తే సరిపోతుంది. చిక్కెక్కడంటే, తవ్వకానికి మంచి కాలం కాలువలు కట్టేసిన కాలమే. అప్పుడు మంచి నీళ్లు దొరకవు, ఊరి మంచినీటి చెరువు మీద చేయి వేయనివ్వరు. కలపడానికి బస్తాకు 25 లీటర్లు చాలు, 140 బస్తాలకు మూడున్నర వేల లీటర్లు, ఒక ట్యాంకరులో సర్దుకోవచ్చు. అసలు నీళ్లు తాగేది క్యూరింగు, అంటే పోసిన కాంక్రీటును రోజుల తరబడి తడిగా ఉంచడం. 340 అడుగుల స్లాబు మీద కట్టలు కట్టి రెండంగుళాలు నిలిపితేనే 1600 లీటర్లు, ఎండకు రోజూ తగ్గేది వేరే. దొరికే సిమెంటు ఎక్కువగా పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) కనక ఏడు రోజులు చాలవు, కనీసం పది, కుదిరితే పద్నాలుగు. అందుకని పైళ్లు, బీము మేలో ట్యాంకరు నీళ్లతో కానిచ్చి, స్లాబు కాలువలు వదిలాక పెట్టుకున్నాం. తుంపర్ల రోజుల్లో క్యూరింగు దేవుడే చేస్తాడు, కాకపోతే పోసిన మొదటి నాలుగు గంటలూ వాన పడకుండా చూసుకోవడానికి టార్పాలిన్లు సిద్ధంగా ఉండాలి.

గోడల దగ్గర పొదుపు చేసే వీలుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు ఎనిమిది వేల ఇటుకలు కావాలి. బయటి గోడ ఆరంగుళాల సిమెంటు బ్లాకుతో కడితే ఇటుక ఖర్చు తగ్గడమే కాదు, అదే కొలతలో లోపల 18 చదరపు అడుగులు కలిసొస్తాయి. 340 అడుగుల ఇంట్లో 18 అడుగులంటే ఒక చిన్న వంటగట్టు జాగా. బ్లాకు కొనేముందు రెండు తీసుకుని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున అంచు గోరుతో గీకి చూడండి. పొడి రాలితే వద్దు. చాలామంది కక్కుర్తి పడేది స్లాబు మందం దగ్గర. నాలుగున్నర అంగుళాల నుంచి ఒక అంగుళం తగ్గిస్తే మిగిలేది ఆరేడు బస్తాలే, ఊచల మీద కాంక్రీటు పూత పలచబడి ఉప్పుగాలికి పదేళ్లలో పెచ్చులూడతాయి.

అప్పు విషయం. పొదుపు సంఘంలో ఉన్న మహిళకు ఇంటి కోసం 35,000 పావలా వడ్డీకి వచ్చింది, అంటే ఏడాదికి వందకు మూడు రూపాయలు. అది మొత్తం పైలింగు రోజుకే పక్కన పెట్టాలి. ఎందుకంటే దాని తర్వాత ఉన్న దారి రెండు రూపాయల వడ్డీ. లక్ష తెస్తే నెలకు రెండు వేలు, ఏడాదికి 24,000. బేస్‌మెంట్ బిల్లు నాలుగు నెలలు ఆలస్యమైతే వడ్డీకే ఎనిమిది వేలు. అందుకని ఒక దశ ఫోటో నమోదైనట్టు చూసుకోకుండా తర్వాతి దశ సామాను దించుకోకూడదు. ఉద్యోగం, జీతం చీటీ ఉన్నవాళ్లయితే ఈ బాధ లేకుండా పట్టణ ఆవాస్ రెండో విడతలోని వడ్డీ రాయితీ చూసుకోవచ్చు. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, ఇల్లు 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు ఉంటే మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ, గరిష్ఠంగా 1.80 లక్షలు, అయిదు వాయిదాల్లో. కూలి పని చేసుకునే వాళ్లకు బ్యాంకు ఆ గడప దాటనివ్వదు, అది వేరే గొడవ.

లోటు తగ్గించిన పనుల్లో పెద్దది మాత్రం పదిమంది కలిసి చేయడమే. పైలింగు ముఠాను ఒక్క ఇంటికి పిలిస్తే రానూపోనూ బండి కిరాయి, బెంటొనైట్ తొట్టి, ట్రెమీ గొట్టం అద్దె అన్నీ ఆ 12 పైళ్ల మీదే పడతాయి. వరసగా పది ప్లాట్లకు 120 పైళ్లంటే ధర దానంతటదే దిగింది. గ్రావెల్ కూడా ట్రక్కులు మాని పెద్ద లారీల్లో దించారు. పక్కపక్క ఇళ్లవాళ్లు ఒప్పుకుంటే ఉమ్మడి గోడ కట్టుకుని ఒక గోడ, దాని కింది బీము, రెండు మూడు పైళ్లు మిగుల్చుకోవచ్చు. కానీ మా వరసలో దానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. వాస్తు అన్నారు, రేపు అన్నదమ్ములకే పడదు పక్కింటోళ్లతో ఏం పడుతుందన్నారు. పట్టణాల్లో పేదల ఇళ్లు కట్టించే ప్రభుత్వ సంస్థ టిడ్కో వాళ్లు 300, 365, 430 అడుగుల ఇళ్లను నాలుగంతస్తుల్లో కట్టింది కొంతవరకు ఈ లెక్క మీదే. ఒక పునాది ఖర్చు నాలుగు ఇళ్లకు పంచుకుంటుంది.

మరుగుదొడ్డి ఆఖర్న చేద్దామని వదిలేస్తారు, అది లేనిదే ఇల్లు పూర్తయినట్టు రాయరు. సిమెంటు ఒరలు దింపి ఇంకుడు గుంత చేసే పద్ధతి ఇక్కడ వానాకాలంలో పనిచేయదు. నీటి మట్టం ఒర పైదాకా వస్తుంది, లోపలి నీళ్లు ఇంకవు, పీఠంలోంచి వెనక్కి తంతాయి. దొడ్డి గచ్చు ఇంటి గచ్చుతో సమానంగా ఎత్తి, సెప్టిక్ ట్యాంకును సగం పైకి, సగం నేలలో కట్టాలి. ప్లాస్టిక్ ట్యాంకు పెడితే ఖాళీగా వదలొద్దు, ఒక్క పెద్ద వానకు నేలలోంచి తేలి పైకొస్తుంది. పెట్టిన రోజే నీళ్లు నింపి, చుట్టూ ఇసుక బిగించాలి.

తాళం చేతికొచ్చాక వెంటనే బయట రంగు వేయించకండి. లోపలి గచ్చు, గోడ మూలలు ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడాలి. ఎక్కడైనా వెంట్రుక పగులు కనపడితే దాని రెండు కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి, తేదీ రాసి వదిలేయండి. దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేశాక మళ్లీ చూసినప్పుడు పగులు గీత దాటి పోయుంటే పైలింగు మేస్త్రిని పిలవాలి. పోకపోతే ఒక తట్ట సిమెంటు పాలతో మూసేసి రంగువాణ్ని పిలవచ్చు.